నాజరెత్‌లో చెక్క వంచే చోటు

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకు పెన్సిల్వేనియా అనగానే పిట్స్‌బర్గ్ వెంకన్న గుడో, హెర్షీ చాక్లెట్లో గుర్తొస్తాయి. ఎడిసన్ నుంచి 78వ నంబరు హైవే మీద గంటన్నర లోపే చేరగలిగే నాజరెత్ పేరెత్తేది గిటార్ పిచ్చి ఉన్నవాళ్ళే. 1833లో న్యూయార్క్‌లో మొదలైన మార్టిన్ గిటార్ల కంపెనీ, ఆ దశాబ్దం ముగిసేలోపే ఈ చిన్న ఊరికి తరలివచ్చి ఇక్కడే పాతుకుపోయింది. మెడ పక్కన ఒంట్లో కొంత లోపలికి కోసినట్టుండే కట్‌అవే గిటార్ పక్క చెక్క విరగకుండా అంత మలుపు ఎలా తిరుగుతుందో చూడాలన్నది నా కోరిక.

ఫ్యాక్టరీ టూరు శనాదివారాల్లో ఉండదు. పనిరోజున సెలవు పెట్టి, టికెట్ ముందే తీసుకుని వెళ్ళాలి. లోపల నాకు బాగా నచ్చింది, వంచిన పక్క చెక్కల లోపలి అంచుకు సన్నని పట్టీ అతికించి, జిగురు ఆరేదాకా వరసగా బట్టల క్లిప్పులు పెట్టడం. మామూలు క్లిప్పులే, దండెం మీద పెట్టుకునేవి! కానీ గుంపుతో నడవాలి కదా, ఏ బల్ల దగ్గరా తనివితీరా నిలబడనివ్వరు. మ్యూజియానికి మాత్రం టికెట్టూ లేదు, తొందరా లేదు. 2004లో తయారైన పదిలక్షలవ గిటార్‌కు ఒళ్ళంతా నగిషీలే. నా ఓటు మాత్రం తీగలు బిగించే మీటలన్నీ ఒకే వైపు ఉన్న తొలినాళ్ళ సాదా గిటార్లకు.

అసలు పని చూసింది అక్కడికి కొంత దూరంలో, రుసుము తీసుకుని ఒకరిద్దరికి నేర్పే ఒక మేస్త్రి షెడ్డులో. చెక్క మందం 2 మిల్లీమీటర్లు. కట్‌అవే మలుపు దగ్గర ఇంకాస్త చిత్రిక పట్టి పలచన చేశాడు. ఇనుప గొట్టాన్ని వేడిచేసి, దోసె పెనం మీద చల్లి చూసినట్టే నాలుగు చుక్కలు చల్లాడు. చుక్కలు చిందులేశాకే చెక్క ఆనించాడు. చెక్కను మెత్తబరిచేది ముఖ్యంగా వేడి. వేడికి పీచుల మధ్య జిగురులా ఉండే లిగ్నిన్ అనే పదార్థం సడలుతుంది. నీళ్ళు ఎక్కువైతే అలల చారలున్న చెక్క మీద ముడతలు లేస్తాయి. చీలిక వచ్చేది సాగే బయటి వైపు కాబట్టి, అటు సన్నని స్టీలు పట్టీ ఆనించి, రెంటినీ కలిపి వంచాడు. బలం పెట్టలేదు. చెక్క తనంతట తాను లొంగేదాకా చేతులు కదపకుండా ఆగాడు. కాలిన రోజ్‌వుడ్ తియ్యటి వాసన షెడ్డంతా నిండింది. ఆ చెక్క దక్షిణ భారతానిదేనట. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమయ్యాక, 1969 ప్రాంతంలో మార్టిన్ వాళ్ళూ మన రోజ్‌వుడ్‌కే మారారు.

కట్‌అవేల్లో, గుండ్రటి కొమ్ముండే వెనీషియన్ రకంలో ఒకే చెక్క ముక్క ఆ కొమ్ము చుట్టూ తిరగాలి కాబట్టి ప్రమాదమంతా అక్కడే. మొన తేలిన ఫ్లోరెంటైన్ రకంలో రెండు ముక్కలు మొన దగ్గర కలుస్తాయి; వంపు తక్కువ, అతుకు పని ఎక్కువ. వంచిన చెక్కను అచ్చులో బిగించి పూర్తిగా చల్లారనివ్వాలి, లేకపోతే మళ్ళీ విచ్చుకుంటుంది. హీటర్ దుప్పటి, స్టీలు రేకులు ఉన్న యంత్రం కూడా ఆయన దగ్గర ఉంది. ఒకే మోడల్ పదేపదే చేసేవాళ్ళకు అదే హాయి. నేర్చుకోవాలంటే మాత్రం గొట్టమే. ఫ్యాక్టరీ టూరు కన్నా ఇక్కడ చాలా ఎక్కువ చెల్లించాను, అయినా మళ్ళీ వెళ్ళమంటే ఇక్కడికే వెళ్తాను.

బసకు నాజరెత్‌లో పెద్దగా ఏమీ లేదు. హైవే పక్కన చవగ్గా దొరికిన గదిలో రాత్రంతా లారీల మోత, పొద్దున చల్లటి బ్రెడ్డు. దగ్గర్లోని బెత్లెహేమ్ పాత వీధుల్లో ఉంటే ఖర్చు ఎక్కువైనా సాయంత్రం నడవడానికి బాగుంటుంది. పిల్లలుంటే ఈస్టన్‌లో దిగండి. క్రేయోలా రంగుల కేంద్రం అక్కడే ఉంది. మీరు షెడ్డులో ఉన్నంతసేపూ వాళ్ళు అక్కడ ఆడుకుంటారు. శాకాహారులైతే పెరుగన్నం డబ్బా వెంట ఉంచుకోండి.