కర్నూలు కొలిమిలో చేయించుకున్న బౌయీ కత్తి: ఏడాది తరువాత నా సమీక్ష

గత ఏడాది కార్తీక మాసంలో, కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలోని ఒక కమ్మరి కొలిమిలో, ఎనిమిదిన్నర అంగుళాల అలుగు (కోసే ఇనుప భాగం) ఉన్న బౌయీ తరహా పోరు కత్తిని, అంటే మొన దగ్గర వెన్ను లోపలికి వంపు తిరిగిన అమెరికా పద్ధతి కత్తిని, చేయించుకున్నాను. పనికూలి, ఇత్తడి, తోలు అన్నీ కలిపి ఆరున్నర వేల రూపాయలయింది. పన్నెండేళ్లుగా చేతితో చేసిన కత్తులు సేకరిస్తున్నాను కనుక, ఏడాది పాటు దగ్గర పెట్టుకొని చూశాకే దీని గురించి రాయడం సబబని ఇంతకాలం ఆగాను.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ‘డమాస్కస్’ కత్తి, అంటే అలల గీతల ఉక్కుతో చేసిందని చెప్పే కత్తి, కొని మోసపోయాను. అలుగు నిండా అలలు అలలుగా గీతలుండేవి. మూడు నెలల తరువాత తుప్పు మరక పోవడానికి సన్నని గరుకు కాగితంతో రుద్దితే, మరకతో పాటు ఆ గీతలూ పోయాయి, కింద సాదా ఇనుప రేకు బయటపడింది. అది ఆమ్లంతో పైపైన అచ్చువేసిన బొమ్మ మాత్రమే. నిజమైన గీతలు రెండు విధాలుగా పుడతాయి. మన తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో, దాదాపు ఒకటిన్నర శాతం కర్బనం వల్ల ఏర్పడే కార్బైడు రేణువులు వరుసలు కట్టి, సాగగొట్టినప్పుడు నీటి అలల్లా కనిపిస్తాయి; ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అని పిలిచింది ఈ ఉక్కునే. రెండోది, వేర్వేరు ఉక్కు పట్టీలను కాల్చి అతికి, మడిచి మళ్లీ అతికిన పొరల ఉక్కు. ఇందులో నికెల్ ఉన్న పొరలు ఆమ్లానికి లొంగక మెరుస్తూ మిగులుతాయి, తక్కినవి నల్లబడతాయి. ఈ రెండింటిలోనూ గీత లోపలి దాకా ఉంటుంది కనుక ఎంత అరగదీసినా, మళ్లీ ఆమ్లం పట్టిస్తే తిరిగి కనిపిస్తుంది.

పొరల ఉక్కు మీద నేటి సేకర్తలకు ఇంత మోజు కలగడానికి ముఖ్య కారకుడు అమెరికా కమ్మరి బిల్ మోరాన్. ఆయన 1973లో అలాంటి కత్తులను ప్రదర్శనకు పెట్టాడు, 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీని స్థాపించాడు. ఆ సంస్థ ఇచ్చే మాస్టర్ స్మిత్ హోదాకు కనీసం 300 పొరల ఉక్కుతో కత్తి చేసి పరీక్షకు నిలవాలి. స్వేచ్ఛగా వేలాడే అంగుళం లావు తాడు ఒక్క వేటుకు తెగాలి, రెండు అంగుళాలు బై నాలుగు అంగుళాల చెక్కను రెండుసార్లు నరకాలి, ఆ మీదట అదే వాదర (పదును అంచు) చేతి మీది వెంట్రుకలను గొరగాలి, చివరికి కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచినా రెండుగా విరగకూడదు. నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా నచ్చేది, గీతల అందానికి ఇందులో ఒక్క మార్కు కూడా లేకపోవడం. వాదర గట్టిగానూ వెన్ను సాగేదిగానూ ఉండాలంటే ఆ పని అంతా నిప్పు దగ్గరే జరగాలి, అది కంటికి కనిపించదు.

కొలిమిలో ఆ పని జరుగుతుంటే పక్కన నిలబడి చూశాను. ఉక్కు ఒక లారీ కమాను పట్టీది. కమ్మరి పెద్దాయన సమ్మెటతో సాగగొట్టి, ఆకురాయితో రూపం తీసి, ఆ తరువాత మధ్యాహ్నమంతా పని ఆపేశాడు. ఎందుకని అడిగితే, “పొద్దు వాలితేనే రంగు తెలుస్తుంది సార్, ఎండలో కన్ను మోసం చేస్తుంది” అన్నాడు. నేను జేబులో అయస్కాంతం తీసుకుపోయాను, ఎందుకంటే ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది, ఉక్కు గట్టిపడడానికి నూనెలో ముంచాల్సిన వేడి దానికి కొంచెం పైన ఉంటుంది. అలుగు పండిన రేగుపండు రంగు దాటాక ఆయన పట్టుకారుతో బయటికి తీస్తే అయస్కాంతం అంటుకోలేదు. మళ్లీ ఒక్క క్షణం నిప్పులో పెట్టి, మొన కిందికి ఉండేట్టు నూనెలో నిలువుగా దించాడు. చల్లారాక ఒక పక్క తెల్లగా రుద్ది, పెళుసుతనం తగ్గడానికి ఎర్రగా కాలిన ఇనుప దిమ్మె మీద వెన్నును ఆనించి పట్టుకున్నాడు. వెన్ను నుంచి రంగు పాకుతూ వచ్చింది. వెన్ను నీలంగా, వాదర ఎండుగడ్డి రంగులో ఉన్న ఘడియ చూసి నీళ్లలో ముంచేశాడు. ఆయన దగ్గర ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఏదీ లేదు.

ఇంటికి తెచ్చాక ఇత్తడి కడ్డీ మీద వాదరను ఆనించి నొక్కి చూశాను. చిట్లితే మరీ పెళుసని, వంగి అలాగే ఉండిపోతే మరీ మెత్తనని అర్థం. ఇది కొద్దిగా వంగి వెంటనే యథాస్థానానికి వచ్చింది. ఎండిన తుమ్మ కొమ్మను నరికాక కూడా ముంజేతి వెంట్రుకలు గొరిగింది. వెన్ను పిడి దగ్గర ఆరు మిల్లీమీటర్లు, మొన దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. ఈ సన్నబడడం వల్లనే ఇంత పొడవైన కత్తి చేతిలో బరువనిపించదు, తూకం ఇత్తడి అడ్డుకు (పిడికీ అలుగుకూ మధ్య ఉండే పట్టీకి) వేలెడు ముందు నిలుస్తుంది. పిడి తుమ్మ చేవతో చేసినది. ఎర్రచందనం పిడి కావాలని అడగబోయే మిత్రులు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. అనుమతి లేని ఆ కర్రను ముట్టుకుంటే కమ్మరికీ మీకూ కేసులు తప్పవు.

లోపాలూ చెప్పాలి. మూడు వారాలన్న పని ఏడు వారాలు పట్టింది. అలుగుకూ ఇత్తడి అడ్డుకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలింది, అందులో తేమ చేరితే తుప్పు లోపలినుంచి తింటుంది కనుక తిరిగి తీసుకెళ్లి సీసం పోయించుకున్నాను. మే నెల ఎండలకు పిడి కర్ర కుంచించుకొని పిన్నుల తలలు వేలికి గీసుకోవడం మొదలైంది. అవిసె నూనె పట్టించి, మెల్లగా రుద్ది సరిచేశాను. అన్నిటికన్నా బలహీనమైనది ఒర. కుట్టు వదులు, తోలులోని రసాయనం ఇత్తడిని పచ్చబరిచింది. అందుకే కత్తిని ఒరలో ఉంచకుండా కుట్టుమిషను నూనె పూసి విడిగా బట్టలో చుట్టి పెడుతున్నాను.

కొలతల విషయంలో జాగ్రత్త అవసరం. ఆయుధ నిబంధనల ప్రకారం ఇంటిపనికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక పనులకూ కాని కత్తి అలుగు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ మించితే అది లైసెన్సు నిబంధనలు వర్తించే ఆయుధాల కోవలోకి వస్తుంది. అందుకే ఎనిమిదిన్నరతో ఆపించాను. వేటకొడవలి పేరుతో మన సీమకు మిగిలిన గాయాలు నాకు తెలుసు, ఈ కత్తిని ఇల్లు దాటించను. అయినా అదే సీమలో నిప్పు రంగు చదవగల ఇలాంటి చేతులు ఉన్నాయని సేకర్తలు గుర్తించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పోయిన వారం రెండో కత్తికి బయానా ఇచ్చి వచ్చాను. ఈసారి అలుగు ఏడు అంగుళాలు. అడ్డును బిగించే ముందు నాకు చూపించమని అడిగాను, పెద్దాయన సరేనన్నాడు. ఒర మాత్రం కర్నూలు పాతబస్తీలో జీనుల పని తెలిసిన తోలు పనివాడి దగ్గర కుట్టించుకుంటాను.