టెంపరరీ మెయిల్ కొన్నేళ్లుగా వాడుతున్నాను: దేనికి బాగుంది, దేనికి అస్సలు వద్దు

ఒక పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవాలన్నా, ఏదో యాప్ ఒక్కసారి ట్రై చేయాలన్నా ముందు మెయిల్ ఐడీ అడుగుతారు. ఇచ్చామా, ఇక ఆ రోజు నుంచి ఆఫర్లే ఆఫర్లు, అసలు చూడాల్సిన బ్యాంకు మెయిల్ వాటి కింద ఎక్కడో పడి ఉంటుంది. ఈ గోల పడలేకే టెంపరరీ మెయిల్, అంటే కాసేపు వాడి వదిలేసే అడ్రస్, పట్టుకున్నాను, మళ్లీ వదల్లేదు.

ఎక్కువగా వాడింది టెన్ మినిట్ మెయిల్. పేజీ తెరిస్తే చాలు, అడ్రస్ రెడీగా ఉంటుంది, 10 నిమిషాల టైమర్ నడుస్తుంటుంది. అడ్రస్ కాపీ చేసి సైట్‌లో పేస్ట్ చేస్తే వెరిఫికేషన్ మెయిల్ అదే పేజీలో కింద వచ్చి పడుతుంది, ఆలస్యమైతే ఇంకో 10 నిమిషాలు పెంచుకోవచ్చు. గెరిల్లా మెయిల్‌లో అయితే వచ్చిన మెయిల్ గంటసేపు ఉంటుంది. రెండూ మంచివే.

చిక్కల్లా ఏంటంటే, చాలా సైట్లు ఇలాంటి డొమైన్ల (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) లిస్టు పెట్టుకుని "సరైన ఈమెయిల్ ఇవ్వండి" అని అక్కడే ఆపేస్తాయి. ఇంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. మెయిలినేటర్ అని ఇలాంటిదే ఇంకో సర్వీస్ ఉంది, దాని ఉచిత ఇన్‌బాక్స్‌కి పాస్‌వర్డే ఉండదు, ఆ పేరు టైప్ చేసిన ఎవరైనా లోపలున్నవన్నీ చదవొచ్చు. అంటే ఆ అడ్రస్‌తో అకౌంట్ తెరిస్తే, ఎవరో పాస్‌వర్డ్ రీసెట్ కొట్టి ఆ లింకు మనకంటే ముందే నొక్కేయొచ్చు. అందుకే మళ్లీ లాగిన్ అవ్వాల్సిన పని ఉన్న దేనికీ వీటిని వాడొద్దని గట్టిగా చెప్తాను.

అలాంటివాటికి ఎలియాస్ బెటర్. అది తాత్కాలికం కాదు, మారుపేరు లాంటి అడ్రస్. దానికొచ్చిన మెయిల్ మన అసలు ఇన్‌బాక్స్‌కే ఫార్వర్డ్ అవుతుంది, విసుగొస్తే ఆ ఒక్కటీ ఆపేయొచ్చు. ఫైర్‌ఫాక్స్ రిలే ఉచితంగా 5 ఇస్తుంది, సింపుల్‌లాగిన్ 10 ఇస్తుంది (దీన్ని 2022లో ప్రోటాన్ అనే ఈమెయిల్ కంపెనీ కొనేసింది). డక్‌డక్‌గో ఇచ్చే అడ్రస్ అయితే మెయిల్ తెరిచామో లేదో కనిపెట్టే ట్రాకర్లను కూడా తీసేసి పంపుతుంది, నాకు బాగా నచ్చింది ఇదే. ఐఫోన్ వాళ్లకు యాపిల్ వాళ్ల పెయిడ్ ప్లాన్ ఐక్లౌడ్ ప్లస్‌లో ఇదే పని చేసే హైడ్ మై ఈమెయిల్ ఉండనే ఉంది.

సైటుకో ఎలియాస్ ఇవ్వడం వల్ల ఇంకో లాభం. ఒక ఫొటో ఎడిటింగ్ యాప్‌కి మాత్రమే ఇచ్చిన అడ్రస్‌కి కొన్నాళ్ల తర్వాత లోన్ ఆఫర్లు మొదలయ్యాయి. ఆ అడ్రస్ ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి అమ్మారో, లీకైందో గానీ ఎక్కడి నుంచి పోయిందో వెంటనే తెలిసిపోయింది. స్విచ్ ఆఫ్ చేశాను, అంతటితో ఆగిపోయాయి. మామూలు జీమెయిల్‌తో ఉంటే ఆ కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలిసేది కాదు!

జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఒక పదం చేర్చే పద్ధతి ఫిల్టర్లకు పనికొస్తుంది గానీ దాచడానికి కాదు, ప్లస్ నుంచి ఉన్న ముక్క తీసేస్తే అసలు అడ్రస్ బయటపడుతుంది.

బ్యాంకు, ప్రభుత్వ పనులు, ఉద్యోగం, ఆసుపత్రి, వీటికి మాత్రం నా అసలు ఐడీయే ఇస్తాను. ఎలియాస్ సర్వీస్ రేపు మూతపడితే దానికొచ్చే మెయిళ్లన్నీ ఆగిపోతాయి, ఓటీపీ దగ్గర ఆ టెన్షన్ మనకెందుకు? ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక ఎలియాస్ సర్వీస్‌లో చేరండి, కొత్తగా ఎవరు మెయిల్ అడిగినా అక్కడి నుంచే ఇవ్వండి. పాత అకౌంట్లు తీరిగ్గా మార్చుకోవచ్చు.