షహీద్ ద్వీప్‌లో మూడు రాత్రులు: గది కన్నా ముందు ఆటుపోట్లు చూసుకోవాలి

హనుమకొండలో బయలుదేరే ముందు అమ్మ కోరింది ఒక్కటే: ఈసారి గుళ్లూ క్యూలైన్లూ వద్దు, ఎక్కడైనా నాలుగు రోజులు ఊరికే కూర్చోవాలి. ఆమె మోకాళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకుని ఫిబ్రవరిలో అండమాన్ ఎంచుకున్నాం. కాజీపేటలో రైలెక్కి, శంషాబాద్ నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాం. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కడ మమ్మల్ని జెట్టీకి చేర్చిన ఆటో ఆయన మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది?" అని సిక్కోలు యాసలో పలకరించేసరికి అమ్మకు సగం బెరుకు పోయింది.

మొదటి రాత్రి స్వరాజ్ ద్వీప్‌లో, తర్వాతి మూడు రాత్రులు షహీద్ ద్వీప్‌లో ఉన్నాం. 2018 వరకు వీటి పేర్లు హావ్‌లాక్, నీల్. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం అందంలో నేను చూసిన అన్ని తీరాలనూ మించింది. కానీ ఓడ దిగినవాళ్లంతా సాయంత్రానికి అక్కడికే చేరుతారు కనుక, నిశ్శబ్దం కోరేవారికి షహీద్ ద్వీప్‌నే చెబుతాను. ఈ చిన్న దీవిలో అరటితోటలు, కూరగాయల మళ్లు, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఇళ్లు తప్ప పెద్ద హడావిడి ఉండదు.

అక్కడి ఇసుకను అమ్మ అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. మన గోదావరి ఇసుక రాళ్లు అరిగి ఏర్పడితే, ఇది పగడాలూ గవ్వలూ నలిగి ఏర్పడింది. అందుకే బియ్యపు నూకల్లా తెల్లగా, గరుకుగా, అక్కడక్కడ గులాబీ రంగు ముక్కలతో ఉంది.

బస విషయంలో మాత్రం నాకు బాధ మిగిలింది. మేం దిగిన రిసార్టు వాళ్లు గది ముందే ఈత కొట్టవచ్చని ఫోన్‌లో గట్టిగా చెప్పారు. తీరా చూస్తే, ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోయి, పదునైన పగడపు బండలు బయటపడేవి. వాటి మీద అమ్మ అడుగు వేయలేకపోయింది. పోటు రోజుకు రెండుసార్లే వస్తుంది, అదీ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో తేడా ఇంకా ఎక్కువ. కనుక గది అద్దె అడిగే ముందే, మీరు వెళ్లే తేదీల్లో పోటు ఎన్ని గంటలకో అడగండి. మేం చివరికి ఆటోలో భరత్‌పూర్ తీరానికి వెళ్లి నీళ్లలో దిగాం.

సేవలలో లోపం లేదు. గది శుభ్రంగా ఉంది, అమ్మ కోసం అడగకుండానే ఎత్తు కుర్చీ తెచ్చి వేశారు. భోజనంలో కారం తక్కువ. మేం తెచ్చుకున్న మామిడి తొక్కు ఆదుకుంది. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, వరంగల్ కన్నా ముప్పావుగంట ముందు. లక్ష్మణ్‌పూర్ తీరంలో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగున్నరకే బయలుదేరాలి.

ఇంత ఖర్చు, ఇంత దూరం అవసరమా అని బంధువులు అడిగారు. మన లక్నవరంలోనూ కాకతీయుల నాటి చెరువు మధ్య దీవిలో కాటేజీలు ఉన్నాయి. వారం మధ్యలో వెళితే అక్కడా హాయిగా ఉంటుంది. కానీ ఆదివారం నాటి సందడిలో అమ్మ కోరుకున్న ప్రశాంతత దొరకదు.

వెళ్లేవారు చివరి రాత్రిని తప్పకుండా శ్రీ విజయపురంలోనే ఉంచుకోండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు ఆపేస్తారు, విమానం మాత్రం మన కోసం ఆగదు.