నిఘా సంస్థలను ప్రశ్నించేదెవరు: బ్రిటన్ పద్ధతా, అమెరికా పద్ధతా?

గుంటూరు బ్రాడీపేటలో సివిల్స్‌కి చదివే పిల్లలతో మాట్లాడితే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: మన విదేశీ నిఘా సంస్థ 'రా'ను పార్లమెంటు ఎందుకు నిలదీయదు? 1968లో పుట్టిన ఆ సంస్థకంటూ ఒక చట్టమే లేదు. నిఘా సంస్థలను చట్టం కిందికి తేవాలని 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. మరి నిఘా సంస్థలను ప్రశ్నించే పార్లమెంటు కమిటీని మనం వేస్తే ఎవరిలా వేయాలి?

బ్రిటన్‌లో ఇలాంటి కమిటీ 1994 చట్టంతో వచ్చింది. తొమ్మిది మంది సభ్యులు, మంత్రులకు చోటు లేదు. అయితే పేర్లు ప్రతిపాదించేది ప్రధానే, నివేదిక ముందుగా వెళ్లేదీ ఆయన దగ్గరికే. బ్రిటన్ రాజకీయాల్లో రష్యా జోక్యంపై ఈ కమిటీ నివేదిక 2019 అక్టోబరులోనే ప్రధానికి చేరినా, డిసెంబరు ఎన్నికలు దాటి 2020 జూలైలో గానీ బయటికి రాలేదు. ఓటేసే ముందు జనానికి తెలియాల్సిన సంగతి అది! నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అమెరికాలో విదేశీ నేతలను చంపడానికి సీఐఏ పన్నిన పథకాలను 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నడిపిన సెనేట్ కమిటీ (చర్చ్ కమిటీ) బయటపెట్టింది. ఆ తర్వాత సెనేట్ 1976లో, ప్రతినిధుల సభ 1977లో శాశ్వత కమిటీలు వేసుకున్నాయి. నిఘా సంస్థల బడ్జెట్‌కు వీటి ఆమోదం కావాలి, అసలు బలం అక్కడుంది. బందీలను సీఐఏ హింసించిన తీరుపై సెనేట్ కమిటీ 2014లో సారాంశం ప్రచురించింది. ఆ దర్యాప్తు సిబ్బంది వాడిన కంప్యూటర్లను సీఐఏ వాళ్లు వెతికారని తేలి, డైరెక్టరే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పార్టీల గొడవలు అక్కడా ఉన్నాయి.

మనది పార్లమెంటరీ వ్యవస్థ కాబట్టి బ్రిటన్ రూపమే దగ్గర. కానీ డబ్బు మీద పట్టు అమెరికాలా ఉండాలి. ఛైర్మన్‌గా ప్రతిపక్ష సభ్యుణ్ణే పెట్టాలి, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే మన పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీలో 1967 నుంచి ఆనవాయితీగా వస్తున్నట్టు.