నాటుకోళ్లకు తెగులు తగిలితే మా మండల పశువైద్యశాల ఎట్లా చూసిందంటే

గేదెకో ఎద్దుకో ఒంట్లో బాగలేకపోతే పశువుల ఆసుపత్రికి పరిగెత్తుతాం గానీ కోడికి జబ్బు చేస్తే ఎవరూ పోరు. కళ్యాణదుర్గం పక్క మా మండల ఆసుపత్రిలో కోళ్లను కూడా శ్రద్ధగా చూస్తారని చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నా.

మా పెట్టలు రెక్కలు వేలాడేసుకుని, తెలుపూ ఆకుపచ్చా కలిసిన నీళ్ల రెట్ట వేస్తూ, నోరు తెరిచి గురగురమంటూ మూలకు కూర్చున్నాయి. ఒక పుంజుకైతే మెడ మెలి తిరిగిపోయింది, గింజ పొడవబోతే ముక్కు పక్కకు పోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, మన పక్కనే కర్నూలులోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది కదా, అదే టెన్షన్ ఇంటిల్లిపాదికీ. టౌన్‌లో ఒక మందుల షాపుకు మా తమ్ముడిని పంపితే, చెప్పేది సగం కూడా వినకుండా యాంటీబయాటిక్ పొడి ఇచ్చి, దాంతోపాటు కొక్కెర తెగులు రాకుండా వేసే ఆర్‌2బి టీకా సీసా కాగితంలో చుట్టి చేతికిచ్చారు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన టీకా అది, ఎండలో కాగితంలో చుట్టి ఇస్తే ఇంక దేనికి పనికొస్తుంది? చాలా కోపమొచ్చింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ స్వయంగా ఇంటికొచ్చింది. చనిపోయిన కోడిని కోసి చూస్తారేమో అనుకున్నాం. "బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్నప్పుడు ఇక్కడ కోయకూడదమ్మా" అని, మాస్కు, గ్లౌజులు వేసుకుని, బతికున్న కోళ్ల గొంతులోంచీ, రెట్ట వచ్చే చోటనుంచీ దూదిపుల్లలతో శాంపిళ్లు తీసి, చిన్న గొట్టాల్లో పెట్టి ఐస్ డబ్బాలో సర్దింది. కొక్కెర తెగులు (రాణీఖేత్) లాగే ఉందనీ, అదే అయితే వైరస్ కాబట్టి నయం చేసే మందు లేదనీ ముఖం మీదే చెప్పింది. నాకు బాగా నచ్చింది ఇదే. డబ్బులు దండుకునే మందులు రాయలేదు.

చచ్చినవాటిని వంకలో పారేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి, లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చమంది. మిగిలినవాటిని సంతకు తోలొద్దని, ఎవరికీ అగ్గువకు అమ్మొద్దని గట్టిగా చెప్పింది. కోళ్ల దగ్గర తొడుక్కున్న చెప్పులతో పక్కింటి పెరట్లోకి పోవద్దంది. రిపోర్టులో బర్డ్ ఫ్లూ లేదని, కొక్కెర తెగులే అని తేలింది. ఆ రిపోర్టు మాత్రం బాగా ఆలస్యమైంది, అన్నాళ్లూ ఊళ్లో ఒక్కరికీ సరిగ్గా నిద్ర లేదు. ఇది వాళ్లు సరిచేసుకోవాలి.

జబ్బు తగలని ఇళ్లకు టీకాలు కూడా వాళ్లే వేశారు. ఆర్‌2బి సీసా ఒక్కటి 100 కోళ్లకు వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి, నాలుగు కోళ్ల కోసం ఎవరు విప్పుతారు? అందుకే మా వీధి ఆడవాళ్లమంతా మాట్లాడుకుని తెల్లారకముందే కోళ్లను గంపల కింద మూసిపెట్టాం, డాక్టరమ్మ వచ్చి వరసగా వేసుకుంటూ పోయింది. ఎనిమిది వారాలు దాటినవాటికే ఆర్‌2బి, పుట్టిన వారంలోపు పిల్లలకు అదే తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో చుక్క. నీరసంగా ఉన్నదాన్ని ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు, జబ్బుకోడికి టీకా వేస్తే ఇంకా పాడవుతుందట.

ఆసుపత్రిలో టీకా అన్ని రోజులూ దొరకదు, ఇది పెద్ద లోటే. పోయేముందు ఫోన్ చేసి ఫ్రిజ్‌లో ఉందో లేదో కనుక్కోండి, తెచ్చుకునేటట్టయితే ఐస్ వేసిన ఫ్లాస్కు పట్టుకుపోండి.