నీటి తిత్తి ప్రెస్: బోల్జానో కొండవాలులో ఆరు కోతల తర్వాత

వైన్‌ కోసం ద్రాక్షరసం పిండే ఈ ప్రెస్‌కు కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు. చిల్లుల స్టీలు పీపా నడుమ లావుపాటి రబ్బరు తిత్తి, దానికో తోటపైపు, అంతే. కుళాయి తిప్పితే తిత్తి ఉబ్బి ద్రాక్షను పీపా గోడకేసి నొక్కుతుంది. రసం చిల్లుల్లోంచి పళ్లెంలోకి, అక్కడినుంచి బకెట్‌లోకి జారుతుంది. ఇటలీ ఉత్తరాన సౌత్ టైరోల్‌లో, బోల్జానో పైనున్న ఓ చిన్న సేంద్రియ వైనరీలో 180 లీటర్ల సైజును ఆరు కోతలు వాడాక రాస్తున్న మాటలివి.

ముందు లెక్క. తెల్ల ద్రాక్షను గుత్తుల పళంగా వేస్తే ఒక్క వాయికి 100 కిలోలకు అటూఇటూ పడుతుంది. 55 నుంచి 60 లీటర్ల రసం వస్తుంది, కడగడంతో కలిపి రెండున్నర గంటలు పోతాయి. ఎరుపుకైతే కథ వేరు. 400 కిలోల లాగ్రైన్ అనే ఎర్ర ద్రాక్ష పులిశాక వైన్ దానంతటదే కారిపోగా మిగిలిన పిప్పి ఒక్క వాయిలో సరిపోతుంది. అందుకే ఎకరం తోట, అందులో సగానికి పైగా ఎరుపు రకాలు ఉన్నవాళ్లకు ఇది మంచి బేరం. రెండెకరాల తెల్ల ద్రాక్షకైతే వద్దు, నిద్ర ఉండదు.

నొక్కే పద్ధతిలో తొందర పనికిరాదు. మొదట ఒత్తిడి 0.5 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర కుళాయి కట్టేసి పావుగంట వదిలేయాలి. రసం కారేకొద్దీ ఒత్తిడి చూపే ముల్లు దానంతటదే పడిపోతుంది. మళ్లీ 1 బార్, మళ్లీ ఆగడం. తెల్లవాటికి 1.5 దాటక్కర్లేదు. అక్కడినుంచి ప్రతి బకెట్‌నూ నాలుక మీద వేసి చూడాలి. తొక్కల చేదు తగిలిందంటే ఆ రసం వేరే డబ్బాలోకి. తర్వాత తిత్తిలోని నీళ్లు బయటికి వదిలి, గట్టిపడిన పిప్పిని చేత్తో విరగ్గొట్టి, లోపలిది బయటికి తిప్పి ఇంకోసారి. ఈ విరగ్గొట్టడం మానేస్తే నూరు కిలోలకు ఏడెనిమిది లీటర్లు పిప్పిలోనే ఉండిపోతాయి.

తెల్ల వైన్ రకమైన గెవూర్జ్‌ట్రామినర్ ద్రాక్ష దీనికి మొండిఘటం. తొక్క మందం, గుజ్జు జిగట. కాడలు పూర్తిగా తీసేసి చితక్కొట్టి వేస్తే ద్రాక్ష చుట్టూ ఉండే వడపోత సంచి పూడుకుపోయి, ముల్లు పైకెక్కుతుంది గానీ రసం రాదు. అలాంటప్పుడు ఒత్తిడి పెంచితే సంచి కుట్టు దగ్గర చిరుగుతుంది. మూడోవంతు గుత్తులు కాడలతోనే వేయండి. రసం పారడానికి అవే కాలువలు.

అసలు ప్రమాదం సగం వాయి. పీపా నిండకపోతే పైన ఖాళీలోకి తిత్తి బుడగలా ఉబ్బి చిరుగుతుంది. సరుకు తక్కువుంటే ముందే తిత్తిలో కొంత నీరు పట్టి లావు చేసి, చుట్టూ మిగిలిన చోటును ద్రాక్షతో అంచుదాకా నింపాలి. సూదిబెజ్జం పడితే ఇంకా కష్టం, రసంలో నీళ్లు కలుస్తున్నా కంటికి కనబడదు. కోతకు వారం ముందు తిత్తికి కాసిని నీళ్లు పట్టి ఓ రాత్రి ఉంచి, పొడిగుడ్డతో తుడిచి చూడటం మేలు. ఒత్తిడి పెంచొద్దు, చుట్టూ ద్రాక్ష లేనప్పుడు సాగి పగులుతుంది.

కొండ మీద నీటి ఒత్తిడి ఇంటింటికీ మారుతుంది. వాలు కింది ఇళ్లలో 5 బార్ రావచ్చు, పైవాటికి ఒకటిన్నర కూడా అందదు. ఈ ప్రెస్‌కు హద్దు 3 బార్. సేఫ్టీ వాల్వ్ ఉంది కదా అని ధీమా వద్దు, ఒత్తిడి తగ్గించే వాల్వ్ విడిగా కొనండి. బయటికొచ్చే రసం ఎంతో కనీసం అంత నీరు తిత్తిలోకి పోతుంది. దాన్ని పారబోయకుండా డబ్బాలు కడగడానికి పట్టుకోవచ్చు.

నచ్చనిది ఒకటే, రసానికి గాలి తగలడం. మూత ఉన్న, గాలితో నొక్కే ప్రెస్‌లలో ఇంత తగలదు. ఇక్కడ తెల్ల రసం అరగంటలో టీ రంగుకొస్తుంది. దాన్ని ఆపడానికి వేసేది సల్ఫైటు, కానీ దానికో హద్దుంది. యూరప్ సేంద్రియ నిబంధనల్లో తీపి లీటరుకు 2 గ్రాముల లోపుండే తెల్ల వైన్‌కు మొత్తం సల్ఫైటు హద్దు లీటరుకు 150 మిల్లీగ్రాములు, ఎరుపుకు 100. మొదట్లోనే గుమ్మరిస్తే సీసాలో నింపేటప్పటికి చేతిలో ఏమీ మిగలదు. 50 లీటర్లకు 3 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైటు (సల్ఫైటు ఇచ్చే పొడి) బకెట్‌లో ముందే వేసి ఉంచితే లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాముల సల్ఫైటు పడుతుంది, చాలు.

ఫెర్నాట్ష్ అనే ఎర్ర ద్రాక్షకు తొక్క పల్చన, మచ్చరెక్కల ఈగ ఎక్కువగా గుడ్లు పెట్టేది దానికే, దాంతో పండు పులిసి కుళ్లుతుంది. పుల్లకంపు కొట్టే గుత్తి ఒక్కటి పడినా ఆ వాసన సంచి గుడ్డకు పడుతుంది. సంచిని సువాసన సబ్బుతో ఉతకొద్దు. చాకలిసోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నిమ్మ ఉప్పు నీళ్లలో జాడించి, నీడన ఆరేయాలి. తిత్తిని కూడా ఎండకు పెట్టొద్దు, రబ్బరు పెళుసుబారుతుంది.

నవంబరు రాకముందే వాల్వు, పైపు, తిత్తి మూడింట్లోనూ నీటిచుక్క లేకుండా దులపండి. షెడ్డులో గడ్డకడితే ముందు పగిలేది వాల్వే.