పాటు వేళకి మంగమారిపేట రాళ్ల మీద

మాఘ పౌర్ణమి మర్నాడు, ఆదివారం. తీరంలోని జీవుల్ని చూపించే ఒక నడక కోసం తెల్లవారుజామున ఐదున్నరకి విశాఖ దగ్గరి భీమిలి ఒడ్డున పద్నాలుగు మందిమి కలిశాం. ముందు రోజు సముద్ర స్నానాలకి వచ్చినవాళ్లు వదిలేసిన బంతిపూలు, పసుపు కుంకుమ పొట్లాలు, ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఇసుకలోనే ఉన్నాయి. గోస్తని సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, ఒడ్డు వెంబడి ఎర్రమట్టి దిబ్బల దాకా నడక. అక్కడి నుంచి తొట్లకొండ, సాయంత్రానికి మంగమారిపేట రాతి తోరణం. తలకి తొమ్మిది వందలు తీసుకున్నారు. గైడ్లు ఇద్దరు: జువాలజీ చదివిన ఒక అమ్మాయి, ఆ ఒడ్డునే పుట్టి పెరిగిన ఒక జాలరి తాత.

బస ముందు రాత్రి భీమిలిలోనే. రుషికొండ వైపు హోటళ్లు ఎక్కువ, గదులూ బాగుంటాయి. కానీ చీకట్లో లేచి అక్కడి నుంచి ఆటో వెతుక్కుని రావాలి. మేం దిగిన చిన్న లాడ్జిలో గీజర్ పనిచెయ్యలేదు, అడిగితే బకెట్‌తో వేడినీళ్లు ఇచ్చారు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. తలుపు తాళం వేసిన ఐదు నిమిషాలకి ఇసుక మీద ఉన్నాం మరి.

అరగంట నడిచామో లేదో తాత ఆగి కర్రతో చూపించాడు. ట్రాక్టర్ చక్రం వెళ్లినట్టు ఒక జాడ నీళ్లలోంచి పైకి వచ్చి, బాలబంద తీగల దగ్గర చుట్టు తిరిగి, మళ్లీ నీళ్లలోకి పోయింది. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట. ఒక్కో గూడులో వందకి పైగా గుడ్లుంటాయి, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. కుక్కలు తవ్వేస్తాయని ఆ గుడ్లు తీసి హేచరీల్లో పాతిపెడతారు. గైడ్ అమ్మాయి వెంటనే ఫోన్ చేసి చోటు చెప్పింది.

ఇంకో కిలోమీటరు వెళ్లాక చచ్చిన తాబేలు కనిపించింది. డిప్ప మీద గీత కూడా లేదు, కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, వలలో చిక్కుకుంటే మునిగి చచ్చిపోతుంది. మన తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, ఇవి గుడ్లకి వచ్చేది అంతకు ముందే. మాలో ఒక పాప "లేపండి తాతా" అంది. ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు.

ఎర్రమట్టి దిబ్బలకి ఎండ ముదరకముందే చేరాలి. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. గట్టి రాయిలా కనిపిస్తుంది గానీ గోటితో గీరితే రాలుతుంది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. మాతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు రీల్ కోసం గోడలాంటి దిబ్బ ఎక్కబోతే గైడ్ గట్టిగా దింపేసింది. బాగా చేసింది. అక్కడ మంచినీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు పట్టుకెళ్లండి.

తొట్లకొండకి వ్యాన్‌లో వెళ్లాం. వాననీళ్లకి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లే ఆ పేరుకి మూలం. చూడాల్సిన చోటే, కానీ దానికి ఇంకో రోజు పెట్టుకోవాలి. మాకు దక్కిన గంట చాలలేదు.

రోజంతటిలో పొరపాటు జరిగింది భోజనం దగ్గర. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దవి, నీళ్లు బాగా వెనక్కి పోతాయి. పాటు, అంటే నీళ్లు పూర్తిగా తగ్గే వేళ, ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక. రెండింటికే రాళ్ల మీద ఉంటే తగ్గే నీళ్ల వెంట నడుస్తూ చూడొచ్చు. చెప్పి ఉంచిన హోటల్‌లో చేపల పులుసు వచ్చేసరికి గంటంపావు పట్టింది. పులుసు రుచిగానే ఉంది. కానీ మేం రాళ్ల దగ్గరికి చేరేసరికి మూడుంపావు. నిర్వాహకులు ముందే పొట్లాలు కట్టించాల్సింది.

దక్కిన గంటలోనే నేను ఇన్నేళ్లుగా చూడని విశాఖ చూశాను. దోసెడు నీళ్లున్న ఒక రాతి గుంట ముందు బోర్లా పడుకున్నాను. అడుగున పచ్చటి పువ్వులాంటి సీ అనిమోన్ అనే జీవి, చుట్టూ సన్నటి వేళ్లు ఆడిస్తోంది. చిన్న రొయ్య ఒకటి తగలగానే వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని, జామకాయంత ముద్దయిపోయింది. పక్కనే ఖాళీ గవ్వని ఇల్లు చేసుకున్న పీత ఆ గవ్వని ఈడ్చుకుంటూ గోడ ఎక్కి జారింది, మళ్లీ ఎక్కింది. నేను లేవబోతూ కాలు మోపితే తాత అరిచాడు: "ఏటమ్మా అలా తొక్కేత్తన్నావు? అది రాయి కాదు, పాణముంది." చూస్తే రాయంతా పొలుసుల్లా అతుక్కున్న బార్నకిల్స్. నీళ్లు వచ్చినప్పుడు అవి మూత తీసి మేస్తాయట.

ఒక గుంట చుట్టూ పద్నాలుగు మంది నిలబడితే వెనకవాళ్లకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఎనిమిది మందికి మించకూడదు. గైడ్ల మీద మాత్రం ఒక్క మాట అనలేను. ఒక్క గవ్వ కూడా ఎవరి జేబులోకీ పోనివ్వలేదు. నాలుగుంపావుకి తాత నీళ్ల వైపు ఒకసారి చూసి "ఇంక పదండి" అన్నాడు. అందర్నీ లెక్కపెట్టుకుంటూ ఒడ్డుకి తెచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే నా గుంట అప్పటికే నురగ కింద ఉంది.

మళ్లీ వస్తామని, ఈసారి కొద్దిమందిమే, అన్నం డబ్బాల్లో తెచ్చుకుంటామని చెప్పాను.

"అమాసకి రండమ్మా," అన్నాడు, "పెందలాడే రండి."